అమ్మానాన్నలతో ఎడారి లోయలు, జలపాతాలు: హవాసు కాదు, కాఫ్ క్రీక్‌కి వెళ్లండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: జూన్‌లో ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఇద్దరికీ అరవై ఐదు దాటాయి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, యూటా, ఆరిజోనా ఎడారి లోయల్లో వాగూ జలపాతమూ ఉన్న చోటికి నడిపించి తీసుకెళ్లాలని ఉంది, ఆరిజోనాలో హవాసు జలపాతాలు మంచివా, యూటాలో జైయన్ పార్కులో నారోస్ అనే ఇరుకు లోయ మంచిదా అని. రెండూ వద్దు. కాఫ్ క్రీక్‌కి తీసుకెళ్లండి. టికెట్లు ఇంకా కొనకపోతే వాళ్ల ప్రయాణాన్నే సెప్టెంబర్ చివరికి జరపండి, అక్టోబర్‌లో నడిపించండి.

హవాసు అందంలో తక్కువని కాదు. ఆ నీలి నీళ్లు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ క్యాంప్‌గ్రౌండ్‌కి చేరాలంటే పది మైళ్లు నడవాలి, వచ్చేటప్పుడు అలసిపోయిన కాళ్లతో అదే పది మైళ్లు, అందులో చివరి భాగమంతా నిటారు ఎక్కుడు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామంటే కుదరదు. అది హవాసుపాయి తెగవాళ్ల సొంత నేల, రాత్రి బసకి ముందుగా పర్మిట్ తీసుకున్నవాళ్లనే రానిస్తారు, అలా పెట్టడం వాళ్ల హక్కు కూడా. ఇక మూనీ ఫాల్స్ కిందికి దిగాలంటే గొలుసులు పట్టుకుని తడిసిన నిచ్చెనల మీద దిగాలి. అరవై ఐదేళ్ల మనిషిని ఆ గొలుసుల దగ్గర నిలబెట్టకండి. నారోస్‌లో అయితే వర్జిన్ నదే దారి. కంటికి కనపడని గుండ్రాళ్ల మీద కాలు వేస్తూ మోకాలి లోతులో, కొన్నిచోట్ల నడుము లోతులో ఎదురు నడవాలి. ప్రవాహం సెకనుకు 150 ఘనపుటడుగులు దాటితే పార్కువాళ్లే మూసేస్తారు, మంచు కరిగే రోజుల్లో వారాల తరబడి మూసే ఉంటుంది. అక్కడ నది దాకా వెళ్లే రివర్‌సైడ్ వాక్ ఒక మైలు సిమెంటు దారి ఉంది, పెద్దవాళ్లకి అది చాలు, అదీ బాగుంటుంది.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. మన వాళ్ల ప్లాన్ ఎప్పుడూ ఒకటే: వేగస్‌లో దిగడం, జైయన్, బ్రైస్ పార్కులు, ఆరిజోనాలో పేజ్ ఊరు, గ్రాండ్ కేనియన్, మళ్లీ వేగస్, నాలుగు రోజుల్లో అన్నీ. వాట్సాప్‌లో ఆ ప్లాన్ ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చరు. ప్రతిచోటా అంచు మీద రెయిలింగ్ దగ్గర నిలబడి ఫొటో, మళ్లీ కారు. పెద్దవాళ్లు వెనక సీట్లో నడుం పట్టేసి కూర్చుంటారు. పైనుంచి చూస్తే ఎడారి లోయ ఎర్రగా, ఎండిపోయి ఉంటుంది, అంతే. అడుగున నీళ్లు పారుతున్నాయని, ఆ నీళ్ల పక్కన చెట్లు, చేపలు, మనుషులు బతికిన గుర్తులు ఉన్నాయని దిగి నడిస్తేనే తెలుస్తుంది. ఐదు పార్కులు చూడటం కన్నా ఒక్క వాగు వెంట ఒక పూట నడవడం నయం. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

కాఫ్ క్రీక్ యూటాలో, 12వ నంబర్ హైవే మీద, ఎస్కలాంటే, బౌల్డర్ అనే రెండు చిన్న ఊళ్ల మధ్య ఉంటుంది. గ్రాండ్ స్టెయిర్‌కేస్–ఎస్కలాంటే నేషనల్ మాన్యుమెంట్ అని 1996లో ప్రకటించిన ప్రాంతం అది. బ్రైస్ నుంచి గంటన్నర లోపే. బౌల్డర్ వైపు ఇంకొంచెం పోతే రోడ్డు సన్నటి కొండ వెన్ను మీద సాగుతుంది, రెండు పక్కలా లోయ, డ్రైవర్ పక్కకి చూడకూడదు. నడక రానూపోనూ ఆరు మైళ్లు, అంటే సుమారు పది కిలోమీటర్లు. పెద్ద ఎక్కుళ్లు లేవు గానీ చాలా దూరం మెత్తటి ఇసుక, కాలు కూరుకుపోతుంది, అదే అలసట. చివర 126 అడుగుల జలపాతం.

మేం ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాం. నాయన, అమ్మ వచ్చినప్పుడు అక్టోబర్‌లో తీసుకెళ్లాం. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె, నాయన జీవితమంతా సేద్యం. పొద్దున చలిలోనే మొదలుపెట్టాం, ఆయన తలకి తువ్వాలు చుట్టి, చేతికర్ర పట్టుకుని నా కన్నా ముందు నడిచాడు. వాగు కనపడగానే ఆగిపోయాడు. రెండు పక్కలా వందల అడుగుల ఎర్ర రాతి గోడలు, పైన మబ్బు తునక లేదు, ఆ ప్రాంతంలో వాన ఎంత తక్కువో దారిలో నేనే చెప్పాను. మరి వాగు మాత్రం చేపలు కనపడేంత తేటగా పారుతోంది.

"యాడ్నుంచి వస్తాండాయిరా ఈ నీళ్లు?" అన్నాడు.

చెప్పాను. ఈ గోడలన్నీ నవాహో ఇసుకరాయి, ఎప్పుడో డైనోసార్ల కాలం నాటి ఇసుక దిబ్బలు గట్టిపడి రాయి అయ్యాయి. పైన పీఠభూమి మీద పడిన వాన, కరిగిన మంచు ఆ రాతిలోకే ఇంకి మెల్లగా కిందికి దిగుతాయి, నీటిని అంత తేలిగ్గా పోనివ్వని కయెంటా అనే రాతి పొర తగలగానే ఇక దిగలేక పక్కకి ఊరి బయటికొస్తాయి. నాయన ఒక గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించాడు. కొత్త కుండ చెమర్చినట్టు రాయి చెమ్మగా ఉంది, ఆ చెమ్మలోనే నాచు, చిన్న చిన్న మొక్కలు. ఎండాకాలం పెన్న ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా పక్కన కూర్చుని కడవ నింపుకున్న మనిషి ఆయన. రాతిలో నీళ్లు నడుస్తాయని ఆయనకి నేను రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. దారిలో ఇసుక మీద నల్లగా, గరుగ్గా పెచ్చు కట్టిన మట్టి కనిపించింది. దాన్ని తొక్కకూడదు, సూక్ష్మజీవులు కట్టిన పొర అది, గాలికి నేల లేచిపోకుండా పట్టుకుంటుంది, నత్రజని కూడా చేరుస్తుంది, ఒకసారి చెదిరితే కోలుకోడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది అన్నాను. ఆ తర్వాత రోజంతా ఎవరైనా దారి తప్పి అటు కాలు పెడితే ఆయనే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు, ఇంగ్లీషు రాకపోయినా.

సగం దూరంలో అవతలి గోడ మీద ఎర్ర రంగుతో వేసిన మూడు మనిషి బొమ్మలు ఉన్నాయి. వెడల్పు భుజాలు, సన్నటి నడుము. ఫ్రెమాంట్ ప్రజలు అని ఇప్పుడు పిలుస్తున్న వాళ్లు వందల ఏళ్ల కిందట వేసినవి. వాళ్లు మొక్కజొన్న పండించేవాళ్లు, గింజలు దాచుకున్న చిన్న గాదె కూడా కొండ చరియలో పైన కనపడుతుంది. నాయన ఆ బొమ్మల కన్నా గాదెనే ఎక్కువసేపు చూశాడు. "మనం పాతర తవ్వి కింద దాచినాం, వీళ్లు పైన దాచినారు, ఎలకలకి భయపడే" అన్నాడు. అమ్మ అక్కడే నీడలో కూర్చుంటానంది, మా ఆవిడ తోడుండిపోయింది. అమ్మని బలవంతపెట్టలేదు. ఆమె మాకన్నా ఎక్కువ చూసిందని నా నమ్మకం, ఆ వాగుకి బీవర్లు అనే జంతువులు కట్టలు కట్టగా నిలిచిన గుంటల్ని, అందులో తిరిగే చేపల్ని గంటల తరబడి చూసింది.

జలపాతం కనపడక ముందే గాలి చల్లబడుతుంది. మలుపు తిరగ్గానే ఎదురుగా అర్ధచంద్రాకారంలో రాతి గోడ, పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ, నారింజ, నలుపు చారలు, వాటి మధ్యనుంచి తెల్లగా నీళ్లు, కింద మడుగు, మడుగు చుట్టూ ఇసుక, చెట్లు. నాయన చెప్పులు విడిచి పాదాలు నీళ్లలో పెట్టాడు, వెంటనే తీసేశాడు, అంత చలి. కొంచెం సేపటికి మళ్లీ పెట్టి అలాగే కూర్చున్నాడు.

అప్పుడే మన తెలుగు కుర్రాళ్లు కొందరు వచ్చారు, చదువుకోడానికి వచ్చినవాళ్లు. ఒకడి బ్యాగుకి వేలాడే స్పీకర్లో పాట లోయంతా మోగుతోంది. ఇది నాకు అసలు నచ్చదు, అంతదూరం నడిచి వచ్చింది నీళ్ల చప్పుడు వినడానికి. కానీ నన్ను భయపెట్టింది పాట కాదు. ఇద్దరు చొక్కాలు విప్పి జలపాతం కిందికే ఈదుకుంటూ వెళ్దామనుకుంటున్నారు. నాయన కూర్చున్నచోటు నుంచే పిలిచి అడిగాడు: "నాయనా, ఈత వచ్చునా మీకు?" ఒకడు "కొంచెం వచ్చు తాతా" అన్నాడు, రెండోవాడు రాదన్నాడు. "కొంచెం వస్తే రానట్లే. అడుగు కనపడని నీళ్లలో దిగగూడదు. ఇట్ల వచ్చి కూచోండి." వాళ్లు ఎదురు చెప్పలేదు. పాట ఆపేశారు, ఆయన పక్కనే కూర్చుని ఏ ఊరు, ఎంత పొలం అని అడుగుతూ ఉండిపోయారు.

2024 మేలో మేముండే ఆరిజోనాలోనే ఫాసిల్ క్రీక్ దగ్గర జలపాతంలో మునిగి ఇద్దరు తెలుగు విద్యార్థులు చనిపోయారు. ఆ వార్త వచ్చిన వారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఎడారి అంటే ఎండదెబ్బ ఒక్కటే ప్రమాదం అనుకుంటారు. నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. బయట ఎండ మండుతుంటే నీళ్లు మంచులా ఉంటాయి, దూకగానే ఊపిరి బిగుసుకుంటుంది, జలపాతం పడేచోట నీళ్లు మనిషిని అడుగుకి లాగుతాయి. నాయన తరంలో పిల్లల వీపుకి బెండ్లు కట్టి బావిలోకి తోసి ఈత నేర్పేవాళ్లు. ఇప్పుడు బావులూ లేవు, ఈతా లేదు, ఇంజినీరింగ్ మాత్రం ఉంది. మన సంఘాలు ఇక్కడ ఉగాదికీ బతుకమ్మకీ హాళ్లు తీసుకుని బాగా చేస్తాయి, సంతోషం. ఏటా ఆగస్టులో కొత్తగా దిగే పిల్లలకి ఒక నెల ఈత నేర్పించే పని కూడా పెట్టుకోవాలి. అంతకన్నా అవసరమైన కార్యక్రమం నాకు కనపడటం లేదు.

రెండో ప్రమాదం వరద. ఇరుకు లోయల్లో ఇది అన్నిటికన్నా ఘోరం. 1997 ఆగస్టులో పేజ్ పక్కన యాంటిలోప్ కేనియన్లో పదకొండు మంది కొట్టుకుపోయారు, వాన పడింది అక్కడ కాదు, మైళ్ల దూరంలో ఎగువన. 2015 సెప్టెంబర్లో జైయన్ కీహోల్ కేనియన్లో ఏడుగురు. సీమలో పుట్టినవాళ్లకి ఇది తెలుసు, నెత్తిన ఎండ కాస్తుండగానే వంక పొంగి వస్తుంది, ఎద్దుల బండితో దాటేవాడు ఎగువన ఉరుము వినపడితే ఆగుతాడు. అక్కడా అంతే. జులై నుంచి సెప్టెంబర్ దాకా వాళ్ల వానకాలం. అమెరికా వాతావరణ శాఖ, నేషనల్ వెదర్ సర్వీస్, ఆ ప్రాంతాలకి రోజూ వరద సూచన ఇస్తుంది, పాజిబుల్, అంటే రావచ్చు, అన్నా సరే ఇరుకు లోయలోకి పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు. నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా, ఎగువన హోరు వినపడినా సామాన్లు వదిలేసి ఎత్తుకి ఎక్కండి.

గండికోట గురించి కూడా ఒక్క ముక్క. దాన్ని ఇండియా గ్రాండ్ కేనియన్ అని బోర్డులు పెట్టడం ఆపితే బాగుండు. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోయ అది, అంచున కోట ఉంది, దాని గొప్ప దానికి ఉంది. కాఫ్ క్రీక్ చూసి తిరిగొస్తూ నాయన అన్నది ఇదే, ఇక్కడ వాగు పక్కన దారి ఎంత శుభ్రంగా పెట్టినారు, మన లోయ అడుగున ప్లాస్టిక్ సీసాలు ఎందుకు ఉండాల అని. నా దగ్గర సమాధానం లేదు.

మీకు జూన్ తప్పదంటే ఇలా చేయండి. ముందురోజు రాత్రి ఎస్కలాంటేలో పడుకుని తెల్లవారగానే నడక మొదలుపెట్టండి, పార్కింగ్ చిన్నది, పొద్దెక్కితే దొరకదు. దారిలో నీడ తక్కువ, పదకొండు దాటాక ఇసుక కాలుతుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ లాంటిది ఏదైనా, నిండు చేతుల పల్చటి చొక్కా. ఆ నెలలో కొరికే ఈగలు ఉంటాయి, నిక్కర్లు వద్దు. జీన్స్ కూడా వద్దు, తడిస్తే బరువు. ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎన్నింటికి వస్తారో ఎవరికైనా చెప్పి వెళ్లండి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులని రాశారు కదా, ఆమెని బొమ్మల దాకా నడిపించి అక్కడ నీడ చూసి కూర్చోబెట్టండి, ఒకరు తోడుండండి, మిగతావాళ్లు జలపాతం చూసి వచ్చాక తోడున్నవాళ్లు మార్చుకుని వెళ్లి రావచ్చు.