టికెట్ ఫ్రీ, ట్రిప్ మాత్రం 7 లక్షలు

ప్రశ్న: మాది గుంటూరు. నేను ప్రైవేటు డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌ని, జీతం 42,000. మావారు మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో సేల్స్ చూస్తారు, చేతికి 38,000 వస్తుంది. పాపకు 11 ఏళ్లు, బాబుకు 8. అత్తగారు (66) మాతోనే ఉంటారు. ఇంటి ఖర్చులు, అద్దె, ఫీజులు అన్నీ కలిపి నెలకు 60,000. వచ్చే వేసవి సెలవుల్లో తొమ్మిది రోజులు లండన్ వెళ్లాలని అనుకుంటున్నాం. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు చూడాలన్నది పీజీ రోజుల నుంచి నా కోరిక. పాప బొమ్మలు బాగా వేస్తుంది, దానికి నేషనల్ గ్యాలరీ చూపించాలని ఉంది. అక్కడ పెద్ద మ్యూజియాలకు ప్రవేశం ఉచితం కాబట్టే పారిస్ మానేసి లండన్ ఎంచుకున్నాం. మొత్తం 7 లక్షలు అవుతుంది. బ్యాంకులో 1.1 లక్షలు ఉన్నాయి. 50 నెలల 5 లక్షల చీటీలో 20 నెలలు కట్టాం. ఈ నెల 15న పాడితే 3.9 లక్షలు రావచ్చు. మిగతా 2 లక్షలకు పర్సనల్ లోన్ మేలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మేలా?

జవాబు: రెండూ వద్దు మేడమ్. మీరు అడిగింది చివరి 2 లక్షల గురించే అయినా నా భయం మొదటి 5 లక్షల గురించి. సంక్రాంతి దాటగానే నాకు ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి. ఊరు మారుతుంది, చూడాల్సిన దేశం మారుతుంది, లెక్క మాత్రం అదే. ఉన్న డబ్బంతా ఊడ్చి, చీటీ పాడి, చాలనిదానికి అప్పు. అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు ఆ 'ఉచితం' సంగతి చూద్దాం. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియాల్లో శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదన్నది నిజమే. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం ఉంటుంది. మీరు మానేసిన పారిస్ సంగతి చూడండి. లూవ్ర్‌లో 2026 జనవరి నుంచి యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లకు టికెట్ 32 యూరోలు. 18 ఏళ్లలోపు పిల్లలకు అక్కడా ఉచితమే. అంటే మీ ఇద్దరికీ కలిపి 64 యూరోలు, మన డబ్బుల్లో ఆరేడు వేలు. మిగతా మ్యూజియాలు కూడా కలిపితే 15,000 అనుకోండి. 7 లక్షల ట్రిప్‌లో అది రెండు శాతం. ఆ రెండు శాతం మిగులుతుందని ఊరు మార్చుకున్నారు కానీ, మిగతా 98 శాతం ఎక్కడి నుంచి వస్తుందో అంత గట్టిగా చూసుకోలేదు. విమానం, హోటల్, తిండి, వీసా ఇవే అసలు ఖర్చు. నలుగురి వీసా ఫీజే అర లక్ష దాటుతుంది. వీసా రాకపోతే అది తిరిగి రాదు కూడా.

ఇక చీటీ. మన జిల్లాల్లో చాలామంది చీటీ డబ్బును పొదుపుగానే చూస్తారు. చివరిదాకా ఆగినవాళ్లకు అది పొదుపే. మధ్యలో పాడినవాళ్లకు అది అప్పు. మీరు ఇప్పటిదాకా కట్టింది డివిడెండ్ (పాటలో తగ్గిన మొత్తంలో మీ వాటా) పోను సుమారు 1.7 లక్షలు ఉంటుంది. చేతికి వచ్చేది 3.9. ఆ మధ్యలో ఉన్న 2.2 లక్షలు మిగతా సభ్యుల డబ్బు. దాన్ని ఇంకో 30 నెలలు కడుతూ తీర్చాలి. 5 లక్షల చీటీలో 1.1 లక్షలు వదులుకుని తీసుకోవడమంటే వడ్డీ ముందే కోసుకుని ఇచ్చినట్టు. పైగా పాడాక ష్యూరిటీ అడుగుతారు. మీ కాలేజీలో ఏ ఇద్దరు కొలీగ్స్ చేత సంతకం పెట్టిస్తారో ఇప్పటికే ఆలోచించి ఉంటారు. మీరు ఒక్క నెల తప్పితే స్టాఫ్ రూమ్‌లో వాళ్ల మొహం చూడటం ఎంత కష్టమో కూడా ఆలోచించండి.

దానిమీద పర్సనల్ లోన్. 2 లక్షలు, 15 శాతం వడ్డీ, రెండేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 9,700. మొత్తం వడ్డీ 32,700 దాకా అవుతుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ ఇంకా అధ్వానం. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ, విదేశంలో గీస్తే చాలా కార్డులకు 3.5 శాతం దాకా మార్కప్. ఒక నెల పూర్తిగా కట్టలేకపోతే ఏడాదికి 40 శాతం దాటే వడ్డీ. చూసి వచ్చేసిన ఊరికి రెండేళ్లు వాయిదాలు కట్టడమంటే నాకు ఒళ్లు మండుతుంది. కటువుగా అనిపిస్తే క్షమించండి, మెత్తగా చెబితే ఎవరూ వినట్లేదు.

లండన్ నుంచి తిరిగొచ్చాక మీ నెల ఎలా ఉంటుందో చూడండి. ఆదాయం 80,000. ఖర్చులు 60,000. చీటీ 10,000. ఈఎంఐ 9,700. మిగిలేది 300 రూపాయలు. చీటీ డివిడెండ్ కలుపుకుంటే ఇంకో వెయ్యో పదిహేను వందలో. బ్యాంకులో సున్నా. ఇంట్లో అయిదుగురు.

మీ ఉత్తరంలో చివర, ఏదో మామూలు విషయంలా ఒక మాట రాశారు. ఇక్కడ ప్రశ్న కుదించి ఇస్తున్నాను కాబట్టి పైన అది లేదు. 'మే, జూన్ జీతాలు మా కాలేజీలో ఎప్పుడూ ఆలస్యమే, ఒక్కోసారి ఆగస్టులో పడతాయి' అన్నారు. నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది ఆ మాటే. మీరు ట్రిప్ నుంచి దిగేది సరిగ్గా ఆ నెలల్లోనే. జూన్‌లో ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు. చేతిలో ఉండేది మీవారి 38,000 ఒక్కటే. ఇది అనుకోని ఆపద కూడా కాదు, ప్రతి ఏడాదీ వచ్చేదే. దానికే డబ్బు లేనప్పుడు అసలైన ఆపదకు ఏం చేస్తారు? అత్తగారి కాలు జారినా, మీవారి సేల్స్ టార్గెట్ తప్పి ఉద్యోగం ఊగిసలాడినా, చివరికి మీ పుస్తెలతాడే కుదవకు వెళుతుంది. నేను ఊహించి చెప్పట్లేదు. నా ముందు కూర్చుని ఈ మాట చెప్పుకున్నవాళ్లు ఒకరిద్దరు కాదు.

ఎమర్జెన్సీ ఫండ్ గురించి ఎప్పుడూ ఒకటే పాట పాడతాడని నా పాత పాఠకులు నవ్వుతుంటారు, నవ్వనివ్వండి. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 3.6 లక్షలు. అందులో 1.1 లక్షలు ఇప్పటికే ఉన్నాయి. ఆ డబ్బు ట్రిప్‌ది అనే ఆలోచన ఈ రోజే మానేయండి. నెలనెలా మీకు మిగిలే 10,000 దానికే చేర్చండి. 25 నెలల్లో నిండుతుంది. ఎఫ్‌డీలో పెడతారా, లిక్విడ్ ఫండ్‌లోనా అన్నది మీ ఇష్టం, నాకు పట్టింపు లేదు. ఒక్కటే షరతు: మీ ఫోన్‌లో యూపీఐకి కలిపిన ఖాతాలో మాత్రం ఉంచకండి. అక్కడున్న డబ్బు బిర్యానీలకీ చీరలకీ తెలియకుండానే కరిగిపోతుంది. చీటీని మాత్రం ఎమర్జెన్సీ లెక్కలో కలపకండి. పాట రోజు దాకా ఆపద ఆగదు.

అత్తగారికి ఆరోగ్య బీమా లేదన్నారు. మీవారి కంపెనీ పాలసీలో ఆవిడ పేరు చేర్చే వీలుందేమో ఈ వారమే అడగండి. లేకపోతే విడిగా తీసుకోండి. 70 నిండినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కవర్ వస్తుంది కానీ, ఆవిడకు ఇంకా నాలుగేళ్లు ఉంది.

వీసా గురించి ఒక హెచ్చరిక. మీ ట్రావెల్ ఏజెంట్ 'ఖాతాలో ఓ నెల రోజులు 5 లక్షలు కనిపించేలా చూసుకోండి, అవసరమైతే నేనే సర్దుతాను' అన్నాడని రాశారు. ఆ పని ససేమిరా చేయొద్దు. వీసా అధికారులు స్టేట్‌మెంట్‌లో ఆఖరి బ్యాలెన్స్ ఒక్కటే చూడరు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూస్తారు. 80,000 ఆదాయం ఉన్న ఇంట్లో ఉన్నట్టుండి అయిదు లక్షలు పడితే అనుమానం రావడం సహజం. అలా తిరస్కరణకు గురైతే ఫీజు పోవడమే కాదు, తర్వాత ఏ దేశానికి దరఖాస్తు చేసినా ఆ సంగతి రాయాల్సి రావచ్చు. ఏజెంట్ సర్దిన డబ్బుకు ఏజెంటే వడ్డీ కట్టించుకుంటాడు, అది వేరే సంగతి.

ఇదంతా చదివి నేను మ్యూజియాలంటే గిట్టనివాణ్ని అనుకోకండి. పదేళ్లప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడ్డం మనిషి కోసం గడియారం ముందు నిలబడి, మా నాన్నను బస్సు తప్పేలా చేసినవాణ్ని. మీ కోరిక నాకు అర్థమవుతుంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన మన రాళ్లు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. హిస్టరీ చెప్పే మనిషికి వాటిని కళ్లారా చూడాలని ఉండటం న్యాయమే.

అయితే మేడమ్, ఆ అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు అన్నీ లండన్‌లో లేవు కదా. మీకు నాకంటే బాగా తెలుసు. పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనే ఉంది. తెనాలిలో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి చెన్నైలో దిగుతారు. రెండు రోజులు పెట్టుకుంటే అమరావతి శిల్పాలు, కంచు విగ్రహాల గ్యాలరీ తీరిగ్గా చూడొచ్చు. నలుగురికీ బండి, హోటల్, తిండి కలిపి పాతిక వేలలో తేలిపోతుంది. నెల మిగులు రెండున్నర నెలలు అటు పెడితే చాలు, ఎవరికీ వాయిదా కట్టక్కర్లేదు. పిల్లల్ని ముందు అమరావతిలోని మ్యూజియానికే తీసుకెళ్లండి, మీకు ముప్పై కిలోమీటర్ల చిల్లరే. రాయి ఎక్కడ పుట్టిందో చూశాక చెన్నై చూస్తే వాళ్లకు కథ అర్థమవుతుంది. పాప బొమ్మల పిచ్చికి రాజమండ్రి దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. 28 ఏళ్లు నిండకుండానే, 1925లో పోయిన మనిషి ఏమేం వేశాడో చూస్తే నేషనల్ గ్యాలరీకి దానికదే తయారవుతుంది. దసరా సెలవులకు హైదరాబాద్ పెట్టుకోండి. సాలార్‌జంగ్‌లో బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా, పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ. ఇవీ, ఎగ్మూరూ శుక్రవారం మూసి ఉంటాయి. ఢిల్లీ నేషనల్ మ్యూజియానికి సోమవారం సెలవు. సెలవు రోజు చూసుకోకుండా రైలు టికెట్ తీసి గేటు ముందు ఫొటో దిగి వచ్చిన కుటుంబం ఒకటి మా ఇంట్లోనే ఉంది.

లండన్ మానేయమని నేను అనట్లేదు. చీటీని చివరి నెలల దాకా పాడకుండా ఉంచితే కమీషన్ పోను 4.75 లక్షల దాకా చేతికొస్తుంది. అప్పటికి ఎమర్జెన్సీ ఫండ్ నిండి, పైన ఓ పాతిక వేలో, కుదిరితే యాభై వేలో మిగులుతుంది. మొత్తం 5 లక్షలకు పైనే, అంతా మీదే. తొమ్మిది రోజుల్ని ఆరు రాత్రులకు కుదించి, వేసవి కాకుండా టికెట్లు తగ్గే నెలల్లో చూసుకుంటే ఆ డబ్బులోపే సరిపెట్టొచ్చు. నిజం చెప్పాలంటే ఆగడానికీ కొంత ఖర్చుంది. పాపకు 12 దాటితే విమానంలో పెద్దవాళ్ల టికెట్టే, పౌండు రేటు పెరగొచ్చు. అయినా 1.1 లక్షల చీటీ నష్టం, 32,700 వడ్డీ ముందు అది చిన్నదే. ప్యాకేజీ మీద ముందే కట్టించుకునే టీసీఎస్ అనే పన్నును ఆదాయపు పన్ను రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, అది మాత్రం మర్చిపోకండి.

ఈ నెల 15న పాట అన్నారు. ఆ రోజు అక్కడికి వెళ్లకండి. వెళ్లక తప్పకపోతే టీ తాగి, నోరు విప్పకుండా వచ్చేయండి.