గిలటిన్ బిగియడం లేదా? అవతలివాడి మోచెయ్యి చూడండి

జియు-జిట్సు లాంటి పట్ల ఆటలో గిలటిన్ (ముందు నుంచి మెడను చేత్తో చుట్టి బిగించే చోక్, అంటే మెడ నొక్కే పట్టు) వేస్తే చేతులు మంటలెత్తడమే తప్ప ఎవరూ ట్యాప్ చెయ్యడం (ఓటమి ఒప్పుకుని చేత్తో తట్టడం) లేదు, దాన్ని వదిలేసి డార్స్, అనకొండ అనే వేరే చోక్‌లలో ఒకదానికి మారిపోనా అని ఒకరు అడిగారు. మారక్కర్లేదు. ఈ మూడూ ఫ్రంట్ హెడ్‌లాక్ (ఎదురుగా ఉండి అవతలివాడి తలను చేత్తో బంధించే పట్టు) నుంచి వచ్చేవే. ఏది వెయ్యాలో ముందే అనుకుని వెళ్తే పని జరగదు. అది అవతలివాడి మోచెయ్యిని బట్టి ఉంటుంది.

మోచెయ్యి పక్కటెముకలకు అతుక్కుని, మెడ మాత్రం ముందుకు చాచి ఉంటే గిలటిన్‌కే అవకాశం. చేతులు మండుతున్నాయంటే కండబలంతో పిండుతున్నారన్నమాట. నొక్కుకుపోవాల్సింది మెడకు రెండు పక్కలా ఉండే రక్తనాళాలు. ముంజెయ్యి గొంతు గొట్టం మీద పడితే నొప్పి పుడుతుంది గానీ మొండివాళ్లు ఓర్చుకుంటారు. నాకు బాగా కుదిరింది జియు-జిట్సు చాంపియన్ మార్సెలో గార్సియా వల్ల పేరొచ్చిన హై ఎల్బో రకం. ఒక చెయ్యి గడ్డం కింద నుంచి మెడను చుడుతుంది, రెండో చెయ్యి దాన్ని పట్టుకుంటుంది. అసలు కిటుకు ఈ రెండో చేతి మోచేతిలో ఉంది: దాన్ని అవతలివాడి భుజం మీదుగా దాటించి పైకి ఎత్తాలి. అప్పుడు ఆ భుజం లేవదు, తల బయటికి లాక్కోవడం కష్టమవుతుంది. ఆ తర్వాత చేతులతో పిండే పని పెద్దగా ఉండదు, ఛాతీ ముందుకు తోస్తే చాలు.

కాలు పట్టుకోవడానికి వాడు చెయ్యి చాచాడా, మోచెయ్యి ఒంటి నుంచి విడిపోయినట్టే. అక్కడే మిగతా రెండూ. అనకొండలో మన చెయ్యి ముందు మెడ కింద దూరి, తర్వాత చంకలోంచి బయటికొస్తుంది. డార్స్‌లో ముందు చంక, తర్వాత మెడ. ఏదైనా చివరికి మన రెండో చేతి కండ పట్టుకుని లాక్ చెయ్యడమే. ఒక పక్క మన చెయ్యి, ఇంకో పక్క వాడి భుజమే వాడి మెడను నొక్కుతాయి. నావి పొట్టి చేతులు, అందుకే డార్స్‌లో చెయ్యి కండ దాకా అందడం గగనం. అనకొండే నయం: చెయ్యి చిక్కిన వైపుకి దొర్లి, అక్కణ్నుంచి వాడి కాళ్ల వైపు నడుచుకుంటూ పోతాను. పొడవు చేతులవాళ్లు డార్స్ మీదే కూర్చోవచ్చు. అయితే డార్స్ పొడుగువాళ్ల సొత్తేమీ కాదు లెండి. 2024 జూన్‌లో యూఎఫ్‌సీ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల సంస్థ) పోరులో డస్టిన్ పోయరియర్ మీద ఐదో రౌండ్‌లో ఇస్లాం మఖచేవ్ గెలిచింది దానితోనే.

ఇంకొక మాట. అవతలివాడు మీ కాళ్లు దాటి సైడ్ కంట్రోల్‌కి (పక్క నుంచి మీ ఛాతీ మీద పడి అదిమే స్థితికి) వచ్చేశాక కూడా గిలటిన్ పట్టుకుని వేలాడకండి. వాడు భుజంతో మీ మెడనే నొక్కేస్తాడు. దాన్ని వాన్ ఫ్లూ చోక్ అంటారు. 2006లో యూఎఫ్‌సీలో జేసన్ వాన్ ఫ్లూ దానితో గెలిచాకే ఆ పేరు వచ్చింది.

సాధనలో మాత్రం మెల్లగా బిగించండి. అనకొండ వేసి దొర్లేటప్పుడు ఎదుటివాడి మెడ మెలిపడే ప్రమాదం ఉంది. చోక్ పడకుండా మెడనొప్పికే ట్యాప్ చేస్తే మీ పట్టు తప్పు చోట ఉన్నట్టు, వదిలేసి మళ్లీ సర్దుకోండి.