సమ్మర్‌కి రూమ్ ఇంకొకరికి ఇచ్చే ముందు

ఒరేయ్ అబ్బాయ్,

సియాటిల్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. ఆ మూడు నెలలకీ టెక్సాస్ రిచర్డ్‌సన్‌లో నీ రూమ్ ఎవరో జూనియర్‌కి ఇచ్చేస్తున్నావట, అపార్ట్‌మెంట్ ఆఫీసుకి చెప్పక్కర్లేదు, అందరూ ఇలాగే ఇస్తారు అన్నావట, అందుకే రాస్తున్నాను.

ఇస్తారు, నిజమే. నేనూ ఇచ్చాను. చదువుకునే రోజుల్లో నోటిమాట మీద ఒకబ్బాయికి రూమ్ అప్పగించి వెళ్తే రెండో నెలకే అద్దె ఆపేశాడు, ఫోన్ ఎత్తడు, చివరికి మూడు రోజుల్లో ఖాళీ చెయ్యమని తలుపుకి అంటించిన నోటీసు మీద ఉన్నది నా పేరు! వాడెవడో ఆఫీసుకి తెలియదు మరి. అక్కడా ఇక్కడా రెండు అద్దెలూ కట్టుకుని బయటపడ్డాను. కోర్టు దాకా పోయుంటే తర్వాత ఏ అపార్ట్‌మెంటుకి అప్లై చేసినా ఆ కేసు నా బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టులో కనిపించేది.

ఇది ఆఫీసువాళ్ల చాదస్తం కాదు. యజమాని ముందుగా ఒప్పుకోకుండా అద్దెకున్నవాడు మరొకరికి ఇవ్వకూడదని టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 91.005లోనే ఉంది.

కాబట్టి లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టు. సబ్లీజా (లీజు నీ పేరు మీదే ఉండి ఆ జూనియర్ ఉండటం), లీజ్ ట్రాన్స్‌ఫరా (లీజే వాడి పేరుకి మార్చడం), ఏది ఒప్పుకుంటారు, ఫీజు ఎంత అని అడుగు. సబ్లీజ్ అయితే వాడు కట్టకపోయినా గోడకి కన్నం పెట్టినా అడిగేది నిన్నే. ట్రాన్స్‌ఫర్‌లో నీ పేరు తీసేస్తారు, కానీ తీసేశామని కాగితం మీద రాయించుకోవాలి, పైగా సెప్టెంబర్‌లో నీకు ఆ రూమ్ ఉండదు. నీకు సబ్లీజే సరిపోతుంది అనుకుంటా. కొత్తగా వచ్చిన పిల్లాడికి క్రెడిట్ హిస్టరీ ఉండదు కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఆగిపోవచ్చు, ఈ పని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టు. కౌంటర్ దగ్గర అమ్మాయి "ఓకే, నో ప్రాబ్లం" అంటే అది అనుమతి కాదురా, సంతకం ఉన్న కాగితం వచ్చాకే వాడికి తాళాలు.

రూమ్మేట్స్‌ని కూడా అడుగు, లీజు అందరి పేరు మీదా ఒకటే అయితే వాడు ఎగ్గొట్టిన అద్దె వాళ్ల మెడకీ చుట్టుకుంటుంది. నీ డిపాజిట్ ఆఫీసు దగ్గరే ఉంటుంది కదా, వాడి దగ్గర విడిగా ఒక నెల అద్దె అట్టిపెట్టుకో, రూమ్ వీడియో తియ్యి, కరెంటు బిల్లు సంగతి ముందే రాసుకోండి. అన్నట్టు, అడ్రస్ మారిన 10 రోజుల్లో యూనివర్సిటీలో డీఎస్ఓకి, అదే మన వీసా వ్యవహారాలు చూసే అధికారికి, చెప్పాలి, అది మర్చిపోకు.

ఆఫీసు ఒప్పుకోకపోతే దొంగచాటుగా మాత్రం ఇవ్వకు, నాకు ఫోన్ చెయ్యి, మూడు నెలల అద్దె ఎలా సర్దాలో చూద్దాం. ఆ జూనియర్‌ని కూడా ఒకసారి లైన్‌లోకి తీసుకురా, వాళ్లది ఏ ఊరో కనుక్కుంటాను.

మీ బాబాయ్