ముందు మూసుకునే తలుపు ఏది?

ప్రశ్న: నా వయసు 29. సూర్యాపేట జిల్లాలోని ఒక పల్లె మాది. బీసీ కుటుంబం. 2017లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి, ఏడాదిన్నర చిన్న ఉద్యోగం చేశాను. 2019లో దాన్ని వదిలి గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌కు వచ్చాను. గ్రూప్-4 కొద్ది మార్కుల తేడాతో పోయింది. గ్రూప్-2లో ర్యాంకు చాలా దూరంగా వచ్చింది. ప్రతిసారీ ‘ఈ ఫలితం చూశాక ఆలోచిద్దాం’ అనుకుంటాను. నాన్నకు రెండున్నర ఎకరాల పొలం ఉంది. నెలకు ఏడు వేలు పంపుతున్నారు. బావ జీడిమెట్లలో యంత్ర భాగాలు తయారుచేసే కర్మాగారంలో పద్దెనిమిది వేల జీతానికి సూపర్‌వైజర్ పని చూపిస్తానంటున్నారు. ఇన్నేళ్లు చదివి చివరికి దానికే వెళ్లాడని ఊళ్లో అంటారేమోనని సిగ్గుగా ఉంది. వదిలేద్దామంటే ఆరేళ్లు వృథా అయ్యాయనిపిస్తుంది. రెండేళ్లుగా దసరాకు కూడా ఇంటికి వెళ్లలేదు. పొద్దున లేవబుద్ధి కావడం లేదు. నా లక్ష్యాన్ని ఎలా నిర్ణయించుకోవాలి?

జవాబు: ముందుగా మీ ఆరోగ్యం సంగతి మాట్లాడుకుందాం. లేవబుద్ధి కావడం లేదని, పండుగకు ఇంటికి వెళ్లడం మానేశానని మీరు రాసిన రెండు మాటలు మీ ర్యాంకుల కన్నా ఎక్కువగా నన్ను కలవరపెట్టాయి. ఈ దిగులు రెండు వారాలకు మించి విడవకుండా ఉన్నా, నిద్రా ఆకలీ తప్పినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉన్నా, నేను కింద రాసినదంతా పక్కన పెట్టి ముందు 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ. పగలైనా రాత్రయినా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. గదిలో మీతో ఉండే స్నేహితుడికి కూడా ఈ సంగతి చెప్పండి. ఒకే గదిలో నలుగురు ఉంటూ ఎవరి దిగులు వారు దాచుకోవడం మీరుండే చోట మామూలైపోయింది, అది మంచిది కాదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ‘ఈ ఫలితం చూశాక ఆలోచిద్దాం’ అన్న మాటలోనే అసలు చిక్కు ఉందని నాకనిపిస్తోంది. ఆరేళ్లుగా మీ జీవితం గురించిన నిర్ణయాలు మీరు తీసుకోవడం లేదు, మీ తరఫున పబ్లిక్ సర్వీస్ కమిషన్ క్యాలెండరు తీసుకుంటోంది. ఆ క్యాలెండరు ఎలా నడిచిందో నాకన్నా మీకే బాగా తెలుసు. 783 పోస్టుల గ్రూప్-2 ప్రకటన 2022 డిసెంబరులో వెలువడింది. 2023 ఆగస్టులో జరగవలసిన పరీక్షను నవంబరుకు, అక్కడి నుంచి 2024 జనవరికి, ఆ తర్వాత ఆగస్టుకు జరుపుకుంటూ పోయి చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో నిర్వహించారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాసినవారు ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 జూన్‌లో మళ్లీ రాశారు, అది కూడా హైకోర్టు తీర్పుతో రద్దయితే 2024 జూన్‌లో కొత్త ప్రకటన కింద మూడోసారి రాశారు. ఈ ఆలస్యాల్లో మీ తప్పు ఏమీ లేదు, కాబట్టి ఆరేళ్లూ నేనే పాడుచేసుకున్నానన్న నింద మీ మీద మీరు వేసుకోకండి. అయితే పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ మీ బతుకు కూడా దానితోపాటే వాయిదా పడిందన్నది నిజం. ఇకముందు అలా జరగకుండా చూసుకోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

మీరు ‘కొనసాగించాలా, వదిలేయాలా’ అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, మీ ముందున్న తలుపుల్లో ఏది ముందు మూసుకుంటుందో చూద్దాం. తెలంగాణలో యూనిఫాం లేని పోస్టులకు గరిష్ఠ వయోపరిమితిని 2024లో రెండేళ్ల కాలానికి 44 నుంచి 46 ఏళ్లకు పెంచారు, బీసీలకు దాని మీద మరో ఐదేళ్ల సడలింపు ఉంది. ఆ పెంపు ఇలాగే కొనసాగితే గ్రూప్స్ తలుపు మీకు ఇరవై ఏళ్లకు పైగా తెరిచే ఉంటుంది. ఐబీపీఎస్ నిర్వహించే బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ (పీవో) పరీక్షకు గరిష్ఠ వయసు 30, ఓబీసీలకు మరో మూడేళ్లు కలుస్తుంది. రైల్వే జూనియర్ ఇంజినీర్ పోస్టులకు 2025 ప్రకటనలో 33 ఏళ్ల పరిమితి పెట్టారు, దానికీ మూడేళ్లు కలుపుకోవచ్చు. వీటన్నిటికన్నా ముందు మూసుకునేది ప్రైవేటు రంగంలో ఇంజినీరుగా మళ్లీ అడుగుపెట్టే తలుపు. దానికి ఏ ప్రకటనలోనూ గడువు రాసి ఉండదు, కానీ చదువు ముగించి ఎనిమిదేళ్లయిన వ్యక్తిని జూనియర్‌గా తీసుకునే యజమానులు ఏటేటా తగ్గిపోతారు. మీరు ఇప్పటిదాకా చేసింది, అన్నిటికన్నా చివర మూసుకునే తలుపు ముందు కూర్చుని, ముందు మూసుకునేవాటి వైపు చూడకపోవడం. ఈ వరుసను తిరగవేయమన్నదే నా సలహా. గ్రూప్స్‌ను వదిలేయమని నేను అనడం లేదు, దాన్ని వరుసలో వెనక్కి జరపమంటున్నాను.

కాబట్టి జీడిమెట్ల పని చూడండి. అయితే కళ్లు మూసుకుని చేరవద్దు. నియామక పత్రం రాతపూర్వకంగా ఇస్తారా, పీఎఫ్ కడతారా అని మీ బావగారి ద్వారా కాకుండా మీరే నేరుగా అడగండి. నెలకు ఇరవై ఒక్క వేల లోపు జీతానికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, వర్తిస్తుంది కనుక దాని గురించి కూడా అడగవచ్చు. రేపు మరో చోటికి వెళ్లినప్పుడు మీ అనుభవానికి సాక్ష్యంగా నిలిచేవి ఈ కాగితాలే. జీతం కన్నా ముఖ్యంగా, మొదటి ఆరు నెలల్లో మీకు ఏ యంత్రం మీద ఏ పని నేర్పుతారో అడగండి. హాజరు పుస్తకం చూసుకోవడం, లారీలు లెక్కపెట్టడం మాత్రమే పని అయితే వద్దు, అదే వాడలో ఇంకొకటి వెతకండి. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రాల దగ్గరో, నాణ్యత తనిఖీ విభాగంలోనో నిలబెడతామంటే పద్దెనిమిది వేలకే చేరండి. అక్కడికి దగ్గరలోనే, బాలానగర్‌లో, కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి నడుస్తోంది. సీఐటీడీ అంటే ఆ పారిశ్రామికవాడల్లో తెలియనివారు అరుదు. కంప్యూటరుతో డిజైన్, తయారీ చేసే క్యాడ్, క్యామ్, సీఎన్‌సీల మీద అక్కడ స్వల్పకాలిక శిక్షణలు ఇస్తారు. ఉద్యోగంలో కుదురుకున్నాక మీ సొంత జీతంతో అలాంటిది ఒకటి చేస్తే, 2017 నాటి మీ పట్టాకు మళ్లీ ఊపిరి వస్తుంది.

ఈ ఆరేళ్ల ఖాళీ గురించి ఇంటర్వ్యూలో అడుగుతారు. దాచవద్దు, లేని అనుభవాన్ని కల్పించవద్దు. ‘ప్రభుత్వ పోటీ పరీక్షలకు చదివాను, ఫలానా పరీక్షల్లో ఇన్ని మార్కులు వచ్చాయి, ఇప్పుడు పనిలో స్థిరపడాలని నిర్ణయించుకున్నాను’ అని రెండు వాక్యాల్లో చెప్పి ఆపండి.

దీనితోపాటు ఒక పోటీ పరీక్షను ఉంచుకోండి, ఒక్కటే. బ్యాంకు తలుపు రైల్వే కన్నా కాస్త ముందుగా మూసుకునే మాట నిజమే అయినా, మీకు నేను సూచించేది రైల్వే జూనియర్ ఇంజినీర్ పరీక్ష. దాని రెండో దశలో 150 ప్రశ్నలకు 100 సాంకేతిక విషయాల మీదే వస్తాయి కనుక, పగలు కర్మాగారంలో చేసే పనీ రాత్రి పుస్తకంలో చదివే పాఠమూ ఒకదానికొకటి దన్నుగా ఉంటాయి. బ్యాంకు పరీక్షకు కావలసిన వేగం పూర్తిగా వేరే సాధన. పని నుంచి అలసి వచ్చిన మనిషికి రోజుకు రెండు గంటల కన్నా ఎక్కువ దొరకవు, ఆ రెండు గంటలను మూడు సిలబస్‌ల మధ్య పంచితే ఏదీ అందదు. రైల్వే పరీక్షకు దరఖాస్తు చేసేముందు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రాన్ని కేంద్ర ప్రభుత్వ నమూనాలో తీసుకుని ఉంచుకోండి. రాష్ట్ర ఉద్యోగాలకు ఇచ్చే బీసీ కుల ధ్రువపత్రం కేంద్రంలో చెల్లదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది గ్రూప్స్ పుస్తకాలు ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఏడాది గడిచాక, మీకు నిజంగా ఆ పరిపాలన పని మీద ఇష్టం మిగిలి ఉంటే, మళ్లీ మొదలుపెట్టండి. అయితే అప్పటి లెక్క ఇప్పుడే కాగితం మీద పెట్టుకోవాలి. గ్రూప్-2లో నాలుగు పేపర్లు కలిపి 600 మార్కులు. మీకు ఏ పేపర్‌లో ఎన్ని వచ్చాయో రాసుకుని, గత రెండేళ్లలో మీరు రాసిన మాక్ టెస్టుల మార్కులను వాటి పక్కన వరుసగా వేయండి. అంకెలు మెల్లగానైనా పైకి వెళుతుంటే మరో రెండుసార్లు రాయడానికి అర్థం ఉంది. ఎకానమీ పేపర్‌లోనో మరో దానిలోనో ప్రతిసారీ అదే చోట ఆగిపోతుంటే, అవే పుస్తకాలను ఐదోసారి చదివినా ఫలితం మారదు. మరొకరి దగ్గర ఆ పేపర్‌ను మొదటి నుంచి నేర్చుకోవాలి, లేదా ఆ పరీక్షను వదలాలి. ఆ గ్రూప్-2కు దరఖాస్తు చేసినవారు ఐదున్నర లక్షల మంది, అందులో పరీక్షకు హాజరైనవారు సగం కన్నా తక్కువ. అంటే మీ నిజమైన పోటీ మీరు భయపడినంత పెద్దది కాదు, అలాగని హాజరైన రెండున్నర లక్షలు తక్కువ సంఖ్య కూడా కాదు. చేరిన రోజు నుంచి మూడేళ్ల తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకు ఫలితం కోసం వేచి ఉన్నా సరే, గ్రూప్స్ విషయం ఆ రోజే తేలుస్తానని మీ నాన్నగారి ముందు మాట ఇవ్వండి.

నాన్నగారి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది అదేనని నా నమ్మకం. నెలకు ఏడు వేల చొప్పున ఆరేళ్లకు ఐదు లక్షల నాలుగు వేలు. రెండున్నర ఎకరాల రైతుకు అది చిన్న మొత్తం కాదని మీకు తెలుసు కాబట్టే ఇంటికి వెళ్లలేకపోతున్నారు. కానీ మీరు వెళ్లకపోవడం వల్ల ఆయనకు డబ్బు బాధతోపాటు కొడుకు ముఖం చూడని బాధ కూడా కలిసింది. ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. ఈ ఆదివారం ఊరికి వెళ్లండి. నలుగురి మధ్య, చుట్టాల ముందు ఎత్తవద్దు. రాత్రి భోజనాలయ్యాక అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నప్పుడు కూర్చుని, మార్కుల కాగితం చూపించండి. ఆయనకు ఆ అంకెలు అర్థం కావనుకోవద్దు. దిగుబడి తగ్గిన ఏడాది ఎరువు మార్చాలో పంట మార్చాలో ఏటా తేల్చుకునే మనిషికి మీ మార్కుల వరుస ఇట్టే అర్థమవుతుంది. ‘నాయనా, ఇప్పటిదాకా ఇదీ లెక్క. వచ్చే నెల నుంచి పైసలు పంపకు, నేను పనిలో చేరుతున్నా. పరీక్ష రాయడం మానను, కానీ నీ పైసలతోటి రాయను’ అని మీ ఇంటి మాటలోనే చెప్పండి.

ఆయన కోప్పడితే తట్టుకోవడం సులువే. కోప్పడకుండా ‘ఇంకో ఏడాది చదువు బిడ్డా, నేను పంపుతా’ అంటే ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. పల్లెల్లో తండ్రులు చాలామంది ఆ మాటే అంటారు, ఆ ప్రేమకు లొంగి ఇంకో ఏడాది గదిలో కూర్చున్న పిల్లలను నేను చూశాను. ఆ క్షణంలో మీరు మెత్తబడితే ఈ కాగితం మీది లెక్కలన్నీ అక్కడితో ఆగిపోతాయి. ఆయన చేయి పట్టుకుని వద్దని చెప్పండి. పెళ్లి మాట వస్తే, పనిలో కుదురుకోవడానికి ఆరు నెలలు గడువు అడగండి, ఆ తర్వాత వచ్చే సంబంధం వారికి మీ జీతం, మీ పరీక్షల సంగతి ఉన్నదున్నట్టు చెప్పమనండి.

ఊళ్లో ఏమంటారోనన్న సిగ్గు గురించి అడిగారు. రెండు మూడు నెలలు అంటారు. మీరు ప్రతి ఒకటో తారీఖున ఇంటికి రెండు వేలైనా పంపడం మొదలుపెట్టాక ఆ మాటల పదును మీకు తగలదు, మీ నాన్నగారికి అసలే తగలదు.

గది ఖాళీ చేసేటప్పుడు పాత కరెంట్ అఫైర్స్ పుస్తకాలు అమ్మేయవచ్చు, అవి ఏడాది తర్వాత పనికిరావు. చరిత్ర, పాలిటీ, తెలంగాణ ఉద్యమం మీద మీరు చేత్తో రాసుకున్న నోట్సులు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా కట్టకట్టి ఊళ్లో అటక మీద పెట్టండి. ఇంజినీరింగ్ పుస్తకాలు ఇంటి దగ్గరే ఉండి ఉంటే, అటక ఎక్కినప్పుడు వాటిని దించి తెచ్చుకోండి.