కాలికి విశ్రాంతి, ముక్కుకు పని

ప్రశ్న: డాక్టరు గారూ, మా కుక్క బ్రూనోకు నాలుగేళ్లు. వెనక కుడి మోకాలిలో లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టుకునే గట్టి పట్టీ లాంటిది) తెగిందని 16 రోజుల క్రితం ఆపరేషన్ చేయించాం. ఎముకను కోసి సరిచేసి ప్లేటు వేశారు. 8 వారాల దాకా పరుగులు, గెంతులు వద్దన్నారు. మొదటి వారం మత్తుగా పడుకున్నాడు. ఇప్పుడు కాలు బాగానే ఆనిస్తున్నాడు గానీ ఒకచోట ఉండడం లేదు. రోజంతా ఏడుపే. పరుపు చింపేశాడు. కాలింగ్ బెల్ మోగితే బోనులో గిర్రున తిరుగుతాడు. వాడిని అలా చూడలేకపోతున్నాను. సాయంత్రం ఒక్క పది నిమిషాలు పెరట్లో వదిలితే తప్పా?

జవాబు: తప్పేనమ్మా. పది నిమిషాలు కాదు, ఒక్క నిమిషం కూడా వదలొద్దు. కాలు ఆనిస్తున్నాడంటే నొప్పి తగ్గిందని అర్థం, ఎముక అతికిందని కాదు. కోసిన ఎముక గట్టిపడడానికి మామూలుగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. నొప్పి ముందే పోతుంది కాబట్టి తనకు నయమైపోయిందని కుక్క అనుకుంటుంది. నాకు భయం వేసేది ఈ రెండు, మూడు వారాల సమయంలోనే.

మా కుక్క చుక్కకు ఇదే ఆపరేషన్ అయింది. 19వ రోజు సాయంత్రం నేనూ మీలాగే జాలిపడి మెడకు కట్టి పట్టుకునే పట్టీ విప్పాను. గోడ మీద పిల్లి కనిపించింది. రెండే రెండు గెంతులు. స్క్రూ వదులైంది, దాన్ని మళ్లీ ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ ఎక్స్‌రే ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. జాలిపడి అడిగేవాళ్లందరికీ తీసి చూపిస్తాను.

అయితే బ్రూనో ఏడుపు నిజమైనదే. వాడికి పని లేదు. పని అంటే కాళ్లతోనే చేయాలని లేదు, కుక్కకు అసలు పనిముట్టు ముక్కు. పావుగంట వాసన వెతుక్కున్న కుక్క హాయిగా నిద్రపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ముందు తిండి గిన్నె పక్కన పెట్టేయండి. పాత తువ్వాలు పరిచి, వాడి పూట తిండిలోంచి గుప్పెడు గింజలు చల్లి, చాపలా చుట్టి ముందు పెట్టండి. పడుకునే ముక్కుతో నెట్టుకుంటూ విప్పుకుంటాడు. అది తేలికైపోయాక చుట్టకు వదులుగా ఒక ముడి వేయండి. పరుపు చింపిన వాడు కదా, తువ్వాలు ముక్కలు మింగకుండా పక్కనే కూర్చోండి, తినడం అయిపోగానే తీసేయండి. మధ్యాహ్నానికి, లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలో తడి తిండి కూరి ఫ్రీజర్లో గడ్డకట్టించి ఇవ్వండి. చాలాసేపు నాకుతూ కూర్చుంటాడు. నాకడం, నమలడం కుక్క మనసును నెమ్మదిపరుస్తాయి. అందులో పీనట్ బటర్ పెడితే మాత్రం డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు తీపి కోసం కలిపేది) అని ఉందేమో చూడండి. అది కుక్కలకు విషం.

ఇవన్నీ రోజువారీ తిండిలోంచే తీయాలి, అదనంగా కాదు. కదలిక లేనప్పుడు బరువు ఇట్టే పెరుగుతుంది. ఒక మోకాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో దాదాపు సగానికి తర్వాత రెండోదీ తెగుతుంది. ఆ రెండో కాలి మీద అదనపు బరువు వేయొద్దు. తిండి ఎంత తగ్గించాలో మీ డాక్టరును అడగండి.

రోజుకు నాలుగుసార్లు, మూడేసి నిమిషాలు పాఠం చెప్పండి. మీరు కింద కూర్చోండి, వాడు పడుకునే ఉండాలి. రెండు పిడికిళ్లు చూపించి గింజ ఎందులో ఉందో కనుక్కోమనండి. అరచేయి చాపితే దాని మీద గడ్డం ఆనించి నిలకడగా ఉండడం నేర్పండి. గాయం చూసేటప్పుడు ఈ రెండోది మీకే ఎంతో సాయపడుతుంది. కూర్చో, లే అంటూ పదేపదే చేయించడం ఇప్పుడు వద్దు.

నడక సంగతి. పొట్టి పట్టీతో, మీ డాక్టరు చెప్పినంతసేపే. ఎంతసేపన్నది ఎంత ముఖ్యమో ఎంత నెమ్మదిగా అన్నదీ అంతే ముఖ్యం. వేగంగా నడిస్తే నొప్పి కాలు ఎత్తేసి మూడు కాళ్ల మీద గెంతుతాడు. బాగా నెమ్మదిగా నడిస్తే నాలుగూ ఆనించక తప్పదు, కండ నిలిచేది అలాగే. పొద దగ్గర ఆగి రెండు నిమిషాలు వాసన చూస్తానంటే చూడనివ్వండి, లాగొద్దు. ఇంట్లో నున్నటి గచ్చు ఉంటే వాడు నడిచే దారంతా జారని చాపలు పరచండి. మెట్టు దిగేటప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి వెనక భాగాన్ని ఎత్తి పట్టుకోండి.

కాలింగ్ బెల్ ఈ రెండు నెలలూ తీసేయండి. వచ్చేవాళ్లను ఫోన్ చేయమనండి. బోను మూల గదిలో ఉంటే మీరు కూర్చునే చోటికి మార్చండి. చాలా కుక్కలు నొప్పికి కాదు, ఒంటరితనానికి ఏడుస్తాయి.

ఇంత చేసినా గిర్రున తిరగడం ఆగకపోతే మీ డాక్టరును నెమ్మదిపరిచే మందు అడగండి. అందులో తప్పేమీ లేదు, చుక్కకు నేనూ వాడాను. మనుషుల నొప్పి మాత్రలు, అంటే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి, సొంతంగా ఒక్కటి కూడా వేయొద్దు. ఆనిస్తున్న కాలు హఠాత్తుగా ఎత్తేసినా, మోకాలు వాచినా, కుట్ల దగ్గర రసి కారినా అదే రోజు చూపించండి.

8 వారాలకు ఎక్స్‌రే తీసి ఎముక అతికిందని చెప్పాక కూడా వెంటనే పట్టీ విప్పరు, నడక కొంచెం కొంచెంగా పెంచుతారు. అందుకు ఇప్పటినుంచే మనసు సిద్ధం చేసుకోండి. ఈ రాత్రి తువ్వాలుతో మొదలుపెట్టండి. మొదటి చుట్ట విప్పడానికి బ్రూనోకు ఎంతసేపు పట్టిందో నాకు రాయండి.