కోర్డోమా లాంటి అరుదైన ఎముక క్యాన్సర్‌కు ప్రత్యేకంగా పరిశోధకుల సదస్సులు ఎందుకు?

కోర్డోమా వెన్నెముకలోనో, పుర్రె అడుగుభాగంలోనో వస్తుంది. అదీ ఏడాదికి పది లక్షల మందిలో సుమారు ఒక్కరికే. కాబట్టి ఏ ఒక్క ఆసుపత్రికీ పరిశోధనకు సరిపడా కణితి నమూనాలు దొరకవు. ఒకరి దగ్గర నమూనాలుంటే, ఇంకొకరి దగ్గర ల్యాబ్‌లో పెంచిన కణాలుంటాయి. వీళ్లను కలపడమే సదస్సు అసలు పని. ప్రసంగాలకన్నా టీ విరామంలో కుదిరే మాటలే ముఖ్యమంటాను.

అమెరికాలో ఈ జబ్బు బారిన పడ్డ డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థి జాష్ సోమర్, తల్లితో కలిసి 2007లో కోర్డోమా ఫౌండేషన్ స్థాపించి, పరిశోధకులను ఇలా ఒకచోట చేర్చారు.

ఈ రంగంలో ఎక్కువ చర్చ బ్రాకియురీ అనే ప్రోటీన్ గురించే. పిండదశలో వెన్నెముకకు ముందు ఏర్పడే నోటోకార్డ్‌కు అది అవసరం. తర్వాత దాని పని దాదాపు ఆగిపోవాలి. కోర్డోమా కణాల్లో ఆగదు. దాన్ని అడ్డుకునే మందు కోసమే ఇప్పుడు వేట.