చీపురు పక్కన పెట్టి తమ్ముడింటికి వెళ్లండి

ప్రశ్న: నా వయసు 61. రిటైర్డ్ టీచర్ని, మా చర్చిలో సంఘ పెద్దని. తగ్గింపు జీవితం అలవరచుకోవాలని కొంతకాలంగా పట్టుదలగా ఉన్నాను. ముందు వరుస కుర్చీ మానేసి వెనక చాప మీద కూర్చుంటున్నాను. శనివారం మందిరం ఊడుస్తాను. ప్రేమ విందయ్యాక గిన్నెలు కూడా తోముతాను. అయినా మొన్న వార్షికోత్సవంలో నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాణ్ని వేదిక మీదికి పిలిచి, నన్ను పిలవకపోతే నిద్ర పట్టలేదు. ఈ అహం చావాలంటే ఇంకా ఏం చేయాలి? ఇంట్లో సమస్యలేం లేవు. తమ్ముడితో స్థలం విషయంలో మాటల్లేవు, అది వేరే సంగతి. అదే మందిరానికి వస్తాడు, గుమ్మం దగ్గర కూర్చుని వెళ్లిపోతాడు. కార్డు మీద పేరు వేయలేదని అమ్మ జ్ఞాపకార్థ కూటానికి కూడా రాలేదు. పంపకం పెద్దమనుషుల ముందే జరిగింది, నా తప్పేం లేదు.

జవాబు: వేదిక సంగతి వదిలేయండి. పిలవకపోతే మనిషన్నవాడికి బాధేస్తుంది, నాలుగు రోజుల్లో పోతుంది. దానికి మందు అడగాల్సిన పని లేదు.

నా కళ్లు ఆగింది ‘అది వేరే సంగతి’ అన్న చోట. బైబిల్లో లూకా సువార్త 18లో ఒక పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు, దేవాలయంలో నిలబడి వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదో వంతు అని లెక్క చెప్పాడు. అందులో అబద్ధం ఉందని ఎక్కడా లేదు. మీ చాప, చీపురు, గిన్నెలూ నిజమే అయ్యుంటాయి. ఆయనకి దూరంగా నిలబడ్డ సుంకరి, అదే పన్నులు వసూలు చేసేవాడు, ఆనలేదు, మీకు గుమ్మం దగ్గరున్న తమ్ముడు ఆనడం లేదు.

కార్డు వేయించింది మీరే కదా. ప్రెస్ అతను ప్రూఫ్ చూపించే ఉంటాడు. ‘ఇట్లు’ కింద మీరూ మీ ఆవిడా, పిల్లలూ అల్లుళ్లూ మనవలూ ఉండి, అదే తల్లి కడుపున పుట్టినవాడు లేకపోతే, చూసి సరే అన్నారు. స్థలం గొడవలో న్యాయం ఎవరిదో నాకు తెలీదు. కార్డు విషయంలో మాత్రం మీ వైపు లేదు. స్థలం పంచుకున్నారు సరే, అమ్మని కూడా పంచుకున్నారా?

మత్తయి 5:23, 24 మీరు ఎన్నోసార్లు చదివి వినిపించి ఉంటారు. అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమంది. తప్పెవరిదో తేల్చుకున్నాక వెళ్లమనలేదు. కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది మీలాంటి పెద్దలే. తమ్ముడి ముందుకొచ్చేసరికి మొహం ఎటు తిప్పుకుంటున్నారండీ?

‘పెద్దవాణ్ని, నేనే వెళ్లాలా?’ అంటారేమో. పశువుల కాపరుల మధ్య గొడవొస్తే అబ్రాము ఏం చేశాడు? తన అన్నదమ్ముల బిడ్డ లోతుని పిలిచి, నీకు కావాల్సిన వైపు నువ్వే ముందు ఎంచుకో అన్నాడు. యొర్దాను పక్క నీళ్లున్న నేల లోతు తీసుకుంటే, పెద్దాయన మారు మాట్లాడలేదు.

అలాగని తమ్ముడు అడిగిందల్లా రాసిచ్చేయమని నేను అనను. దీనమనసు గురించి ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసిన పౌలే, అదే ఊళ్లో విచారణ లేకుండా కొట్టించి జైల్లో వేసిన అధికారులు గుట్టుగా పంపించేద్దామంటే కదల్లేదు, వాళ్లనే వచ్చి బయటికి తీసుకెళ్లమన్నాడు. కాబట్టి స్థలం మాట వస్తే, కాగితాలు ఇంకోరోజు కూర్చుని చూసుకుందాం అనండి. ఆ రోజుకి అది చాలు.

పాస్టరు గారినీ, పెద్దమనుషుల్నీ వెంటేసుకెళ్లకండి. వాళ్లుంటే అది పంచాయితీ అయిపోతుంది. ‘నిన్ను క్షమించాను’ అని మొదలుపెడితే వెళ్లినా వెళ్లనట్టే. ‘అమ్మ కార్డులో నీ పేరు వేయించకపోవడం నా తప్పురా’ అని చెప్పండి. వెనకాలే ‘కానీ’ అని అందుకోకండి. మరదలు మొహం చాటేయొచ్చు, మంచినీళ్లు కూడా ఇవ్వకపోవచ్చు. ఆ అమ్మాయికీ కోపం ఉంటుంది, నొచ్చుకోకండి. తమ్ముడు నాలుగు మాటలంటే అననివ్వండి.

ఇంకొకటి. వెళ్లొచ్చాక ఆదివారం లేచి దీన్ని సాక్ష్యంగా చెప్పకండి. ఎప్పటికైనా చెప్పాలనుకుంటే మీ తమ్ముణ్ని చెప్పనివ్వండి.